అత్తమ్మ కంటికి పురుగు, నా కంటికి బొమ్మ

మల్కాజిగిరి వైపు ఒక పాత కాలనీ నుంచి ఆరు పేజీల ఉత్తరం వచ్చింది. రాసినావిడ తన పేరు వేయవద్దన్నారు. వయసు 39. ఇల్లు 180 గజాల స్థలంలో మామగారు కట్టించింది. వెనక చిన్న పెరడు, అందులో కరివేపాకు, మునగ, గన్నేరు, తులసికోట. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూతురు నాలుగో తరగతి. మూడేళ్ల కిందట మామగారు తుంటి ఎముక విరిగి మంచాన పడితే, ఈవిడ టీచరు ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలు ఆయనకు సేవ చేశారు. ఆ గది కిటికీ పెరట్లోకి తెరుచుకుంటుంది. పొద్దుపోక, కూతురు వాడి పడేసిన నోటుబుక్కులో, కిటికీ ఊచ మీద వాలిన ప్రతి పురుగునూ పెన్సిలుతో గీయడం మొదలుపెట్టారు. మామగారు పోయారు. బొమ్మలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు వాటర్‌కలర్స్‌లో వేసినవే 60కి పైగా ఉన్నాయట. గొల్లభామలు, తూనీగలు, అక్షింతల పురుగులు, నిమ్మ సీతాకోకచిలుక గొంగళి పురుగులు, ఒక పేడ పురుగు.

ఇంట్లో ఎవరికీ ఇది నచ్చలేదు. "లక్ష్మీదేవి బొమ్మ వేయరాదా, పొద్దున్నే లేచి పురుగుల మొహం చూడాలా" అంటారు అత్తగారు. తులసికోట అంచున కందిరీగ కట్టిన మట్టిగూడును చీపురు కర్రతో రాల్చేశారు. నెలనెలా మందు కొట్టే అబ్బాయిని పిలిపిస్తారు. పోయిన నెల అతను కరివేపాకు చెట్టు మీద కూడా కొట్టాడు. రోజూ చూసి గీసుకుంటున్న 11 గొంగళి పురుగులు సాయంత్రానికి రాలిపోయాయి. ఈవిడ నాలుగు రోజులు అత్తగారితో మాట్లాడలేదు. ఇంతలో పాత స్నేహితురాలు ఒకామె సైనిక్‌పురిలో కాఫీ హోటల్ తెరిచి, గోడ మీద పదిహేను రోజులపాటు 12 బొమ్మలు పెట్టుకోమంది. "మా ఆఫీసువాళ్లు చూస్తే ఏమనుకుంటారు? పువ్వులో పక్షులో అయితే బాగుండేది" అన్నారు భర్త. కూతురిని బడిలో "పురుగుల పాప" అంటున్నారు. ఆవిడ అడిగినవి మూడు: "నాలోనే ఏదైనా లోపం ఉందా? వీటి అందం అత్తమ్మకు ఎలా చూపించాలి? బొమ్మలు గోడకు పెట్టాలా, మానాలా?" చివర్లో తాజాకలంగా ఒక రంగుల సందేహం కూడా ఉంది. దానికి చివరే సమాధానం చెబుతాను.

అమ్మా,

మొదటి ప్రశ్న సులువైనది, ముందు అది తీర్చేస్తాను. మీలో ఏ లోపమూ లేదు. 1505లో జర్మనీ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఒక కొమ్ముల పురుగును కాళ్ల మీది ముళ్లతో సహా, కింద పడిన నీడతో సహా కాగితం మీద నిలబెట్టాడు. జపాన్‌లో అందగత్తెల బొమ్మలకు పేరుపడిన ఉటామరో 1788లో పురుగుల మీద ఒక పుస్తకమే తెచ్చాడు. మీకు అందరికంటే దగ్గరి చుట్టం మరియా సిబిల్లా మెరియన్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, 13 ఏళ్లకే పట్టుపురుగులు పెంచి చూసి గీయడం మొదలుపెట్టింది. 52 ఏళ్ల వయసులో, 1699లో, చిన్న కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. రెండేళ్ల తర్వాత జబ్బుపడి తిరిగొచ్చి, 1705లో 60 చిత్రాలతో పుస్తకం అచ్చు వేయించింది. పురుగులు బురదలోంచీ కుళ్లులోంచీ వాటంతటవే పుడతాయని జనం నమ్మే రోజుల్లో పెరిగిన మనిషి ఆమె. గుడ్డు, గొంగళి, గూడు, రెక్కల పురుగు, అవి తినే మొక్క, అన్నిటినీ కలిపి ఒకే కాగితం మీద పెట్టింది. మీరు కరివేపాకు రెమ్మ మీద చేస్తున్నదీ అదే. (ఆమె భర్తను వదిలేసి వెళ్లిపోయింది కూడా. ఆ భాగాన్ని మీరు ఆదర్శంగా తీసుకోనక్కర్లేదు.)

అంత దూరం వెళ్లకపోయినా, మీ ఇంట్లోనే లాడ్ బజార్ రాళ్ల గాజులు ఉండే ఉంటాయి. ఆ గాజులు చేసేది లక్కతో. ఆ లక్క ఒక చిన్న పురుగు కొమ్మకు అంటుకుని విడిచిన జిగురు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెళ్లికూతురి కాళ్లకు పూర్వం పెట్టిన లత్తుక ఎరుపూ ఆ పురుగు నుంచి వచ్చిందే. పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకున్న జీరంగి పచ్చరెక్కలను మొఘలుల కాలం నుంచీ మన దేశంలో జరీ పనిలో కలిపి బట్టల మీద కుట్టారు.

ఇవన్నీ మీ ధైర్యం కోసం చెప్పాను. దయచేసి వీటిని అత్తగారితో వాదనకు వాడకండి. "మీరు వేసుకున్న గాజులు పురుగు జిగురే కదా అత్తమ్మా" అంటే ఆ పూటకు గెలుస్తారు. ఆవిడ గాజులు తీసి లోపల పెట్టేస్తారు. ఆ తర్వాత?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం నాలుగో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది: "మా అత్తమ్మవాళ్లది వరంగల్ దగ్గర పల్లె, పత్తి పోయాక పట్నం వచ్చారట." ఆ "అట" దగ్గర నేను ఆగిపోయాను. పధ్నాలుగేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు. ఆ సంగతి మీకు ఇంకా "అట" గానే మిగిలింది.

ఏ సంవత్సరమో మీరు రాయలేదు. మీ భర్త అప్పటికి బడిపిల్లాడు అన్నారు కాబట్టి 1997-98 అయి ఉంటుందనుకుంటున్నాను. ఆ ఏడు వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు పడింది. ఎంత మందు కొట్టినా చావలేదు. అప్పు తెచ్చి ఇంకో మందు కొట్టారు, దానికీ చావలేదు. రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న ఏడు అది. మీ మామగారు ప్రాణంతో, కుటుంబంతో పట్నం చేరి, 180 గజాల్లో ఇల్లు కట్టారంటే, ఆ దారిలో ఆవిడ ఏమేమి మోశారో మనకు తెలియదు.

లద్దె పురుగు తల్లి ఆకు మీద గుడ్లను కుప్పగా పెట్టి, పైన తన ఒంటి నూగు కప్పుతుంది. పిల్లలు గుంపుగా ఆకులోని పచ్చదనాన్నంతా గీకి తిని జల్లెడ చేస్తాయి. పెద్దవయ్యాక పగలు మట్టిపెళ్లల కింద నక్కి, రాత్రిపూట మేస్తాయి. తెల్లారి చేనుకు వెళ్లిన మనిషికి పురుగు కనిపించదు, తిన్న ఆకు కనిపిస్తుంది. అలాంటి చేను గట్టు మీద నిలబడిన మనిషి ముందు మీరు కొరికిన ఆకు అంచును, ఆ చిన్న చిన్న పళ్లగాట్లను, సన్నని బ్రష్షుతో రెండు రోజులు కూర్చుని గీసి పెడుతున్నారు. అందులో మీకు అల్లిక కనిపిస్తోంది. ఆవిడకు ఏం కనిపిస్తోందో మీరు అడిగినట్టు ఉత్తరంలో లేదు.

కాబట్టి "అందం ఎలా చూపించాలి" అన్న ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టమంటాను. ఆవిడకు కళ్లు లేక కాదు. పురుగులను మీకంటే, నాకంటే ఎక్కువగా చూసిన మనిషి ఆవిడ. మిరగ పురుగు అంటారో ఆరుద్ర పురుగు అంటారో గాని, తొలకరి వానకు ఎర్ర ముఖమల్ గుడ్డలా నేల మీద పాకే ఆ ప్రాణిని చిన్నప్పుడు అరచేతిలో ఆడించకుండా ఏ పల్లెటూరి ఆడపిల్లా పెరగలేదు. (ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి అది కీటకం లెక్కలోకి రాదు, సాలీడు వైపు బంధువు. మీ బొమ్మల్లో దానికి ఆరు కాళ్లే వేశారేమో ఒకసారి లెక్కపెట్టుకోండి.)

ఇంకో వాక్యం, రెండో పేజీలో: "మామగారు ఒక్కో పురుగుకూ పేరు చెప్పేవారు, బొమ్మ కింద రాసుకునేదాన్ని." అక్షింతల పురుగు బొమ్మ కింద "ఇది మంచిది, పేనుబంకను తింటుంది, చంపొద్దు" అని ఉందన్నారు. పురుగు వల్లే ఊరు విడిచిన రైతు, మంచం మీద పడుకుని, మంచి పురుగునూ చెడ్డ పురుగునూ కోడలికి విడదీసి చెప్పాడు. ఈ నోటుబుక్కు సంగతి అత్తగారికి తెలుసా? ఉత్తరం చదివితే తెలియదనే అనిపిస్తోంది. రంగులు వేసి, మంచి కాగితం మీద, అంచులు కత్తిరించి పెట్టినవే ఆవిడకు చూపించారు. ఆ పాత నోటుబుక్కు మీ బీరువాలో ఉంది.

దాన్ని ఆవిడకు చూపించవచ్చు. అయితే దాని పర్యవసానాలు రెండు రకాలుగా ఉండవచ్చు, ముందే చెబుతున్నాను. భర్త మాటలు మీ చేతిరాతలో చదివి ఆవిడ మెత్తబడవచ్చు, "ఆయన దాన్ని ఆ పేరుతో కాదు, ఈ పేరుతో పిలిచేవాడు" అని దిద్దవచ్చు కూడా. అలా దిద్దితే మీ పంట పండినట్టే. లేదా, ఆఖరి నెలల్లో ఆయన తనతో చెప్పని కబుర్లు కోడలితో చెప్పాడని మనసు చివుక్కుమనవచ్చు. అలా అనిపించడం తప్పూ కాదు. చూపించాలనుకుంటే సంవత్సరీకం రోజులు, చుట్టాలు వచ్చిన రోజులు వద్దు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మీరిద్దరే ఉన్నప్పుడు చూపించండి. "చూడండి ఎంత బాగుందో" అనకండి. "ఇక్కడ మామయ్య చెప్పింది సరిగా రాశానా" అని అడగండి.

పత్తి చేను కబురు ఆవిడ మొదలుపెడితే వినండి. ఆ సమయంలో పెన్సిలు మాత్రం ముట్టకండి. లద్దె పురుగును మీరు గీయాలా వద్దా అన్నది ఆవిడ చెప్పాల్సిన మాట. గీయమని ఎప్పటికీ అనకపోవచ్చు. పురుగు బొమ్మ ఏదీ ఆవిడకు ఎన్నటికీ నచ్చకపోవచ్చు. అప్పుడు మీకు మిగిలే దారి సరిహద్దులు గీసుకోవడం: మీ బొమ్మలు హాలులో కాకుండా, ఆ కిటికీ ఉన్న గదిలో. పొద్దున్నే ఆవిడ పూజకు పోయే దారిలో ఏదీ ఉండదు. ఇది ఓడిపోవడమని మీకు అనిపించవచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరు బతకడానికి చేసుకునే ఏర్పాటు అని నాకు అనిపిస్తుంది. అయితే ఇందులో ఒక నష్టం ఉంది: తలుపు వేసుకుని గీసే మనిషికి తలుపు వేసుకోవడం అలవాటైపోతుంది. ఆ గది మీకు మరీ హాయిగా అనిపించడం మొదలైతే ఒకసారి ఆలోచించుకోండి.

పెరటి సంగతి వేరు, అక్కడ రాజీ లేకుండా అడగవలసింది ఒకటి ఉంది. కరివేపాకు మీద మందు కొట్టకూడదు. ఇది గొంగళి పురుగుల కోసం కాదు. ఆ ఆకు పోపులో పడుతుంది, మీ అమ్మాయి అన్నంలో కలుపుకుంటుంది. ఈ మాట మీరు అత్తగారికి కాదు, మీ ఆయనకు చెప్పండి, ఆయన ఆ మందు కొట్టే అబ్బాయికి చెప్పాలి. ఇల్లు లోపల, మోరీల దగ్గర కొట్టుకోనివ్వండి. బొద్దింక విషయంలో నేను పూర్తిగా మీ అత్తగారి పక్షం. బొద్దింక అందాన్ని ఎవరైనా గీసి పంపినా నేను ఆ కవరు తెరవను.

మరో రెండు విషయాల్లోనూ న్యాయం ఆవిడదే. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వకండి, వారానికి ఒకసారి పారబోసి ఆరబెట్టండి. డెంగీ దోమ పెరిగేది అలాంటి తేటనీళ్లలోనే. మునగ మానుకు వానాకాలంలో గుంపుగా అంటుకునే బొచ్చు పురుగులు ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి. చిన్నపిల్ల ఉన్న ఇల్లు. వాటిని దూరం నుంచి గీసుకోండి, తీయించేయమంటే అడ్డు చెప్పకండి.

మట్టిగూడు దగ్గర మాత్రం నేను మీ వైపు. గుమ్మం పైన కాగితంలాంటి పట్టుతో గుంపుగా ఉండే కందిరీగలు మీద పడి కుడతాయి, వాటిని తీయించడం సబబే. తులసికోటకు చిట్టి కుండలాంటి గూడు కట్టేది ఒంటరిది, చేత్తో పట్టుకుంటే తప్ప మనిషి జోలికి రాదు. అది లోపల ఒక గుడ్డు పెట్టి, కుట్టి కదలకుండా చేసిన గొంగళి పురుగులను నింపి, మూతి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటిని తిని, కందిరీగై, గోడ తొలుచుకుని బయటికి వస్తుంది. మన పెద్దలు గొంగళి లోపలికి పోవడం చూశారు, రెక్కల పురుగు బయటికి రావడం చూశారు. నడుమ జరిగింది కనిపించలేదు. తుమ్మెదనే తలచుకుని తలచుకుని పురుగు తుమ్మెద అయిపోయిందన్నారు. అదే భ్రమర కీటక న్యాయం. ధ్యానానికి ఉపమానంగా వేదాంతం చెప్పేవాళ్లంతా వాడారు. చూపు వాడిగానే ఉంది, ముగింపు దగ్గరే పప్పులో కాలేశారు. మీ అత్తగారు పురాణ కాలక్షేపాలకు వెళతారని రాశారు. ఈ న్యాయం ఆవిడ వినే ఉంటారు. మళ్లీ గూడు కడితే "భ్రమరం గూడు" అని చెప్పి చూడండి. చీపురు కర్ర ఒక వారం ఆగినా ఆగుతుంది.

గోడ మీద 12 బొమ్మల సంగతి. మీ ఆయన మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఆఫీసువాళ్లు నవ్వుతారన్నది ఒకటి. సైనిక్‌పురిలో కాఫీ తాగడానికి ఆయన ఆఫీసు నుంచి ఎందరు వస్తారో గాని, దాని గురించి నాకు పెద్ద బెంగ లేదు. రెండోది ఆయన పైకి అనలేదు: వాళ్ల అమ్మకూ మీకూ నడుమ తనను నిలబెడతారేమోనన్న భయం. అత్తగారికి తెలియకుండా పెడితే ఆ భయం నిజమవుతుంది. కాలనీలో ఎవరో ఒకరు చూసి వచ్చి చెబుతారు, ఆవిడకు అది బొమ్మల గొడవగా కాక దాచిపెట్టిన గొడవగా మిగులుతుంది. చెప్పి పెడితే నాలుగు మాటలు పడాలి, అంతే. పేరు లేకుండా పెట్టడం ఒక దారి, అయితే ఎవరైనా మెచ్చుకున్నప్పుడు అది మీకు చేరదు. మీ ఉత్తరం చూస్తే మీకు ఆ మెచ్చుకోలు అవసరం ఉంది. అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఆరు నెలలు ఆగడం ఇంకో దారి. గోడ స్నేహితురాలిది కాబట్టి పారిపోదు. నన్నడిగితే, 12లో సగమైనా మామగారు పేరు చెప్పిన పురుగులు ఉండాలి, కింద ఆయన పెట్టిన పేర్లే ఉండాలి. అప్పుడు అవి మీ ఒక్కరి బొమ్మలు కావు కాబట్టి, అత్తగారిని అడగకుండా పెట్టే హక్కు మీకు లేదు. ఆవిడ వద్దంటే ఆ ఆరూ ఇంట్లోనే ఉంచి, మిగతావి పట్టుకెళ్లండి.

అమ్మాయి విషయంలో తొందరపడి బడికి వెళ్లి పురుగుల గొప్పదనం మీద పాఠం చెప్పకండి. మీరు పాత టీచరు కాబట్టి ఆ కోరిక పుడుతుంది. పిల్ల ఇంకా కుంగిపోతుంది. "పురుగుల పాప" అన్న పేరు తనకు కోపమా, కొంచెం ఇష్టమా అన్నది తననే అడగండి. నాలుగో తరగతి పిల్లలకు రెండూ ఉంటాయి.

ఇక తాజాకలం. గన్నేరు ఆకు అడుగున వేలాడే నల్ల సీతాకోకచిలుక గూడుకు బంగారు మెరుపు రావడం లేదని, మూడు రకాల గోల్డ్ రంగులు కొన్నా పసుపు ముద్దలా కనిపిస్తోందని రాశారు. ఆ గూడులో బంగారం లేదు. దాని పైపొర అద్దంలా వెలుతురును తిప్పికొడుతుంది. దగ్గరికి వెళ్లి ఒక కన్ను మూసి చూడండి: ఒక పక్క గన్నేరు ఆకు పచ్చగా, ఇంకో పక్క ఆకాశం చారలా, నడుమ బహుశా మీ చీర రంగు కూడా కనిపిస్తాయి. ఆ గోల్డ్ సీసాలు పక్కన పెట్టేయండి. లేత పసుపు, గోధుమ రంగు, కొంచెం ఆకుపచ్చ చాలు. మెరుపు ఉన్నచోట కాగితం తెల్లగా వదిలేసి, దాని పక్కనే దాదాపు నలుపును తెచ్చి గట్టి అంచుతో ఆపండి. మెత్తగా కలిపేస్తే మట్టి కుండ అవుతుంది. ఆకు తెంపి లోపలికి తెచ్చుకోకండి. గన్నేరు పాలు విషం, కంటికి గాని నోటికి గాని తగలకూడదు. వారం పది రోజుల్లో ఆ మెరుపు మాసిపోయి, లోపలి నల్లరెక్కలు, వాటి అంచున తెల్ల చుక్కలు పైకి కనిపిస్తాయి. అలా కనిపించిన మర్నాడు పెందలాడే పీట వేసుకుని కూర్చోండి, కాఫీ మీ ఆయనను పెట్టమనండి.